శనివారం దవాఖాన, ఆదివారం షికారు

"ఏందమ్మా, ఊకె బిడ్డను తీసుకొని పట్నం పోతున్నవు? అంత పనేమున్నది అక్కడ? మీ ఆయన ఇక్కడ చెయ్యి కాల్చుకొని తింటున్నడు" అని మా వాడకట్టు పెద్దమ్మ ఒకావిడ ఓ రోజు నన్ను నల్లా దగ్గర నిలబెట్టి మరీ అడిగింది. ఆవిడకు అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బిందె నిండింది, వచ్చేశాను. ఇప్పుడు మీకు చెబుతాను. మీలోనూ పసిపిల్లల తల్లులుంటారు కదా, నా అనుభవం ఎవరికైనా పనికి రావచ్చు.

మాది మెదక్. మా చర్చి పేరు మీరు వినే ఉంటారు. మావారిది ఎరువుల దుకాణం. అత్తమ్మ, మేమిద్దరం, ఒక్కగానొక్క పాప. 2023 సంక్రాంతి వెళ్లిన కొత్తలో, ఒక ఆదివారం పాపకు తలంటు పోస్తున్నాను. అప్పటికి దానికి ఆరేళ్లు. కుంకుడుకాయ రసం కుడికంట్లో పడి గొల్లుమంది. "ఇదిగో చెంబు, నీళ్లు పోసుకో" అన్నాను. చెంబు దాని మోకాలి ముందే ఉంది. ఎడమ కన్ను తెరిచే ఉంది కూడా. అయినా చేతులతో నేలంతా తడుముతోంది. "చాల్లే నాటకాలు!" అని వీపు మీద ఒక్కటి వేశాను కూడా.

ఆ దెబ్బ ఇప్పటికీ నా చేతిని కుడుతూనే ఉంటుంది.

తలారబెడుతుంటే ఎందుకో అనుమానం వచ్చింది. ఆటలాగా కుడికన్ను అరచేత్తో మూసి, గోడమీది క్యాలెండర్ చూపించి "ఏ నెల?" అన్నాను. "ఏ క్యాలెండరు?" అంది. ఎడమ కన్ను మూస్తే గడగడా చదివేసింది. నాకు కాళ్లకింద నేల కదిలినట్టయింది. చూడటానికి కళ్లు రెండూ బాగానే ఉన్నాయి. మెల్ల లేదు, ఎరుపు లేదు. బడిలోనూ మంచి మార్కులే. ఒక కన్ను సరిగ్గా పనిచేయకపోయినా రెండో కన్నుతో పిల్లలు బండి లాగించేస్తారట. అందుకే కన్నతల్లికి కూడా తెలియదు.

హైదరాబాదులో ఒక పెద్ద కంటి దవాఖానలో చూపించాం. దీన్ని సోమరి కన్ను అంటారని డాక్టరమ్మ చెప్పింది. పాప ఎడమ కంటికి పవరు చాలా ఎక్కువ. దాంతో ఆ కంటి నుంచి మెదడుకు ఎప్పుడూ మసక బొమ్మే అందుతుంది. మెదడు కూడా మనలాంటిదేనేమో, స్పష్టంగా చెప్పేవాడి మాటే వింటుంది. మసక బొమ్మను పక్కనపెట్టి మంచి కంటి బొమ్మనే తీసుకుంటుంది. పని చెప్పక చెప్పక ఆ కన్ను వెనకబడిపోతుంది. వైద్యం ఏమిటంటే అద్దాలు పెట్టుకోవాలి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ అంటించాలి. మంచి కన్నును మూసేస్తే బద్ధకపు కన్ను చచ్చినట్టు పనిచేస్తుంది. పిల్లలు ఎంత చిన్నగా ఉంటే ఫలితం అంత బాగుంటుందట. మా పాపకు రోజుకు నాలుగు గంటలు రాశారు.

నాలుగు గంటలంటే ఎంతలే అనుకుంటున్నారా? ఆ మాట ఆరేళ్ల పిల్లకు పట్టీ అంటించి చూసి చెప్పండి! మొదటి వారం అంటించిన పట్టీ అంటించినట్టే పీకి పారేసింది. పీకినప్పుడల్లా నాలుగు కనుబొమ వెంట్రుకలు ఊడొచ్చేవి. చుట్టూ కొబ్బరినూనె రాసి మెల్లగా తీయాలని తర్వాత తెలిసింది. బడిలో "ఒంటికన్ను" అని పేరు పెట్టారు. చుట్టాలొస్తే అత్తమ్మ పాపను లోపలి గదిలోకి పంపేది. "ఆడపిల్ల. రేపు పెండ్లి కావాలె. నలుగురికీ తెలువనిస్తవా?" అని ఆవిడ బాధ. ఎవరు వచ్చినా అదే ప్రశ్న - "అయ్యో, కంటికేమైంది?" జవాబు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. ఇక దాని సంగతి చెప్పాలా? పట్నం అంటేనే ఏడుపు. పట్నం అంటే దవాఖాన, దవాఖాన అంటే కంట్లో మంట పుట్టే చుక్కల మందు.

రెండో చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మ మందలించింది. "పట్టీ వేసి ఊరికే కూర్చోబెడితే లాభం లేదమ్మా. ఆ కంటికి పని చెప్పాలి. చదివించండి, బొమ్మలు గీయించండి, చూడాలనిపించేవి చూపించండి" అంది. చూడాలనిపించేవి ఏముంటాయి? ఆ రాత్రి చిలకలగూడలో మా ఆడపడుచు ఇంట్లో పడుకున్నానేగానీ, నిద్ర పట్టలేదు. చెకప్ ఎప్పుడూ శనివారమే. మర్నాడు ఆదివారం పొద్దున్నే ఊరికి వెళ్లిపోవడం అలవాటు. ఆ ఆదివారం మాత్రం వెళ్లలేదు.

ఆడపడుచు వాళ్లాయన ఆదివారం ఆదివారం ఆబిడ్స్‌కు పాత పుస్తకాలు కొనడానికి వెళతారు. మమ్మల్నీ తీసుకెళ్లమని అడిగాను. ఆ రోజు అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు కుప్పలు పోసి అమ్ముతారు. పాపకు పట్టీ వేసే తీసుకెళ్లాను. పుస్తకాలాయన దాని మొహం చూశాడు, పట్టీ చూశాడు. ఏమీ అడగలేదు. "పాపా, ఆ కుప్పలో బొమ్మల పుస్తకాలున్నయి, చూస్కో" అన్నాడు, అంతే. అది గొంతుక్కూర్చుని పాత చందమామలు ఒక్కొక్కటీ ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని వెతకసాగింది. ఏనుగు బొమ్మ ఉన్నది కావాలట, రాజు బొమ్మ ఉన్నది వద్దట. రెండు గంటలు గడిచాయి. చెయ్యి ఒక్కసారి కూడా పట్టీ మీదికి పోలేదు!

అప్పుడు నాకో సంగతి తట్టింది. మా ఊళ్లో అందరూ మనవాళ్లే, అందుకే అందరూ అడుగుతారు. పట్నంలో ఎవరికి ఎవరు? ఒక్కళ్లూ అడగరు. పట్నంవాళ్లు పట్టించుకోరని మనం ఆడిపోసుకుంటాం కదా, ఆ పట్టించుకోకపోవడమే ఆ రోజు మా పాపకు మందయింది.

అంతే, ఆ రోజు నుంచి శనివారం దవాఖాన, ఆదివారం షికారు అని ఒప్పందం చేసుకున్నాం. చెకప్ లేకపోయినా వీలు దొరికితే వెళ్లేవాళ్లం. అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పెళ్లయి తొమ్మిదేళ్లయినా నేను హైదరాబాదులో ఒంటరిగా రోడ్డు దాటింది లేదు. మావారు ముందు నడిస్తే ఆయన చొక్కా చూసుకుంటూ వెనక నడవడమే తెలుసు. ఆయనకు దుకాణం వదిలే వీలుండదు. ఆడపడుచు వాళ్లాయన్ను ప్రతిసారీ అడగడం బాగుండదు. కాబట్టి నేనే నేర్చుకోవాల్సి వచ్చింది.

మొదట నేర్చుకున్నది రైలు. మెదక్‌కు రైలు అన్నది మా మామగారి కాలం నుంచీ మాటల్లోనే ఉండేది. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా కొత్త లైను తెరిచి, కాచిగూడకు రైలు వేశారు. పాపకు ఈ రైలే పెద్ద షికారు. దార్లో స్టేషన్ల పేర్లు చదవడం మా ఆట. మీర్జాపల్లి, వడియారం, మాసాయిపేట, మనోహరాబాద్... పసుపు బోర్డు మీద నల్లటి పెద్ద అక్షరాలు. పట్టీ వేసుకుని చదవాలి. మొదట్లో రైలు ఆగి, బోర్డు కిటికీ ఎదురుగా వస్తేగానీ చదవలేకపోయేది. నేను మనసులోనే లెక్క పెట్టుకునేదాన్ని. తీరా కాచిగూడలో దిగితే ఆ స్టేషనే ఒక కోట. 1916లో నిజాం కాలంలో కట్టింది. గుమ్మటాలు, మినార్లు లెక్కపెట్టే పని ఆ కంటికి అప్పజెప్పేదాన్ని.

సాలార్‌జంగ్ మ్యూజియం అందరూ చూసేదే, కొత్తేముంది అంటారా? మేము చూసిన పద్ధతి వేరు. చిన్నప్పుడు మా బడివాళ్లు నన్ను తీసుకెళ్లి, అన్ని గదులూ ఒక్క పూటలో పరుగులు పెట్టించారు. కాళ్ల నొప్పులు తప్ప నాకేమీ గుర్తులేదు. అందుకని పాపతో ఒక షరతు పెట్టుకున్నాను. వెళ్లినప్పుడల్లా రెండే రెండు వస్తువులు చూడాలి, మూడోది కావాలంటే మళ్లీ రావాలి. మొదటిసారి గంటల గడియారం చూశాం. గంటకు మూడు నిమిషాల ముందు గడియారంలోంచి ఒక గడ్డం బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు. అందుకే అప్పుడు జనం ఎక్కువ. ముందే వెళ్లి కూర్చోవాలి. అంత దూరం నుంచి అంత చిన్న బొమ్మను బద్ధకపు కంటితో పట్టుకోవాలని మా పాప ఊపిరి బిగబట్టి చూసింది. రెండోది మేలిముసుగు రెబెక్కా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి విగ్రహం. ముసుగు కూడా రాయే. కానీ మొహం లోపల్నుంచి కనిపిస్తున్నట్టే ఉంటుంది. పాప చాలాసేపు చూసి "అమ్మా, ఈమె కూడా మొహానికి కట్టుకుంది. ఎవరూ ఏమనరా?" అంది. "చూడు, ఎంతమంది వచ్చి చూస్తున్నారో!" అన్నాను. గొంతు పట్టుకుపోయి ఇంకేమీ చెప్పలేకపోయాను.

తర్వాతసారి అద్దం ముందు నిలబెట్టిన చెక్క విగ్రహం చూశాం. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే దుష్టుడు, వెనక అద్దంలో చూస్తే తలవంచుకున్న మార్గరెటా అనే అమ్మాయి. ఒకటే మొద్దులో ఇద్దరు! ఒక్క మాట గుర్తుంచుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

అన్నిటికన్నా నాకు నచ్చిన షికారు ఏదంటే నవ్వుతారు. చింతచెట్టు! అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. టిక్కెట్టు లేదు, క్యూ లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరదలొచ్చి వేలమంది కొట్టుకుపోయినప్పుడు, సుమారు నూటయాభై మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారట. ఆ వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని, తానొక్కడే మిగిలాడు. మళ్లీ అలాంటి ఉపద్రవం రాకూడదనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. ఇదంతా పాపకు అర్థమయ్యేట్టు చెప్పాను. అది చెట్టుచుట్టూ తిరిగి, కొమ్మలు లెక్కపెట్టి, "మా క్లాసులో ముప్పైమంది. మా అసొంటి క్లాసులు అయిదు ఎక్కినయన్నమాట" అని లెక్క తేల్చింది. కాసేపాగి "దవాఖానలో ఇసొంటి చెట్లు కూడా ఉంటాయా?" అంది. ఆ తర్వాత నుంచి చెకప్‌కు ఏడవలేదని నేను అబద్ధం చెప్పను. ఏడ్చింది. కానీ మెట్ల దాకా తానే నడిచింది.

అన్ని షికార్లూ బాగా జరిగాయనుకోకండి. ఒకసారి మెట్రో రైలు ఎక్కిద్దామని తీసుకెళ్లాను. కదిలే మెట్ల దగ్గర మా తల్లీబిడ్డల సంబరం చూడాలి! ఒంటికంటితో చూస్తే మెట్టు ఎంత లోతుందో అంచనా దొరకదు. ఆ సంగతి నాకు ముందు తట్టలేదు. నేను చీర కుచ్చెళ్లు పట్టుకుని మొదటిమెట్టు మీద కాలుపెట్టేసరికి, అది కింద నిలబడిపోయింది. నేను పైకి పోతున్నాను, అది కిందనుంచి "అమ్మా!" అని కేక. ఎవరో కాలేజీ అమ్మాయి దాన్ని చంకనెత్తుకుని పైకి తెచ్చి అప్పగించింది. గుండె దడ తగ్గడానికి అరగంట పట్టింది. రోడ్డు దాటేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, జనంలో తోపులాట ఉన్నప్పుడు పట్టీ తీసేసి, కుదురుగా నిలిచినచోట మళ్లీ వేయాలని ఆ రోజు బుద్ధి తెచ్చుకున్నాను. మీరు మాత్రం ముందే తెలుసుకోండి.

బిర్లా సైన్స్ మ్యూజియంలో రాక్షసబల్లి అస్థిపంజరం కూడా చూశాం. కోటాసారస్ అట పేరు. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే తవ్వి తీశారట. "మన తెలంగాణ బల్లి" అని పాప పేరు పెట్టింది. పక్కనే తారామండలం. చీకట్లో పట్టీ వేసుకుని నక్షత్రాలు లెక్కపెడుతూ నా ఒళ్లోనే నిద్రపోయింది. పోనీలెండి, అదీ ఒక షికారే.

ఇక తిండి సంగతి. బయట కొనిపెడితే డబ్బుకు డబ్బు, కడుపునొప్పికి కడుపునొప్పి. నేను సర్వపిండి కట్టుకెళతాను. పాడవదు, చేతికి అంటదు, చెంచా అక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, కొత్తిమీర, కారం, ఉప్పు, ఇంత జీలకర్ర వేసి నీళ్లతో ముద్దలా కలపాలి. మందపాటి గిన్నెకు లోపల నూనె రాసి, ముద్దను పలచగా అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగమీద ఎర్రగా కాలనివ్వాలి. తర్వాత గిన్నె చల్లారాక ఇంకోటి అద్దాలి. వేడిమీద అద్దితే చెయ్యి కాలుతుంది. తోడుగా కాస్త ఎక్కువ పాలుపోసి తోడుపెట్టిన పెరుగన్నం పట్టుకెళితే మధ్యాహ్నానికి పులవదు. ఒక తడిగుడ్డ, నీళ్లసీసా, పాప జేబులో మన ఫోన్ నంబరు రాసిన చీటీ, విడిగా రెండు పట్టీలు. ఇవి సంచిలో ఉంటే చాలు.

సర్వపిండి చేసేది నేను కాదు, అత్తమ్మ. మొదట్లో "బిడ్డ కండ్లు బాగుగాక, ఊర్లు తిరుగుడు దేనికి?" అని గొణిగిన మనిషే, నాలుగైదు షికార్ల తర్వాత మేము లేచేసరికే గిన్నె పొయ్యిమీద పెట్టేది. ఒకసారి నేనే అడిగాను, "మీరూ రండి అత్తమ్మా" అని. "నేను దవాఖానకో, ఎవరన్న చస్తెనో తప్ప పట్నం పోయినదాన్ని కాదు" అంది. అంటూనే పెట్టెలోంచి మంచి చీర తీసింది.

ఆ రోజు రైల్లో పాప, నానమ్మ ఎదురెదురుగా కిటికీల దగ్గర కూర్చున్నారు. స్టేషన్ల ఆట మొదలైంది. పాప పట్టీ వేసుకుంది. నానమ్మకు చదువు రాదు కాబట్టి, బోర్డు పసుపుపచ్చగా కనబడగానే "వచ్చింది" అంటే చాలని రూలు పెట్టింది. రైలు ఇంకా మెల్లబడకముందే, బోర్డు ఇంకా దూరంగా ఉండగానే, "మాసాయిపేట!" అని అరిచింది మా పాప. ఏడాది కిందట కిటికీ ముందుకొస్తేగానీ చదవలేని బోర్డది. నేను మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. కానీ పాప నావైపు చూడటం లేదు. నానమ్మనే చూస్తోంది.

"నానమ్మా, నువ్వు తల పక్కకు తిప్పి చూస్తున్నవ్ ఎందుకు?"

"ఏం లేదు బిడ్డా, గాలి కొడుతున్నది."

"ఒక కన్ను మూసుకో" అంటూ అది తన చిన్న అరచెయ్యి నానమ్మ ఎడమకంటి మీద పెట్టింది. "ఇప్పుడు నేను కనబడుతున్ననా?"

అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "పొగ లెక్క కనబడుతున్నవు బిడ్డా" అంది.

ఎన్నాళ్ల నుంచో ఆవిడ కుడికంటికి పొర కమ్ముకుంటోందట. బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నా, పాప కంటి ఖర్చులమధ్య తన సంగతి ఎందుకని చెప్పలేదట. గిన్నెలో పిండి అద్దడం చేతి అలవాటుతో లాగించేసిందట. ఒకే ఇంట్లో ఉంటూ పాప కన్నూ నేను చూడలేదు, అత్తమ్మ కన్నూ నేను చూడలేదు. ఆ చూడాల్సినది కాస్తా ఆ ఏడేళ్ల పిల్లే చూసింది. ఆ నెలలోనే అత్తమ్మకు శుక్లం ఆపరేషను చేయించాం. దవాఖానకు వెళ్లేముందు "ఆ గడియారం బొమ్మను మళ్లా చూపిస్తానంటెనే వస్త" అని ఆవిడా ఒప్పందం పెట్టింది!

పాప కన్ను పూర్తిగా బాగైపోయిందని చెప్పను. దవాఖాన చార్టుమీద పై రెండు వరుసలతో మొదలైనది, ఇప్పుడు కింది వరుసల్లోకి వచ్చింది. ఆఖరి వరుస ఇంకా మిగిలే ఉంది. అద్దాలు ఉంటాయి. పట్టీ గంటలు తగ్గాయి. ఇంకా కొన్నాళ్లు చూస్తుండాలన్నారు.

అక్కలూ, చెల్లెళ్లూ! ఈ పుస్తకం పక్కన పెట్టాక ఒక చిన్న పని చేయండి. మీ పిల్లల్ని పిలిచి, ఆటలాగే, ఒక్కో కన్నూ అరచేత్తో మూసి గోడమీది క్యాలెండర్ చదివించండి. చదువురాని పసివాళ్లయితే బొమ్మ చూపించి అడగండి. మూసినప్పుడు ఒక కంటికి ఏమీ అనకుండా, రెండో కంటికి మాత్రం మారాం చేసి చెయ్యి తోసేస్తే ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. అంతా బాగానే చదివినా, బడిలో వేసేముందు ఒకసారి కంటి డాక్టరుకు చూపిస్తే మంచిది. ఇంట్లో పెద్దవాళ్లనూ మర్చిపోకండి. వాళ్లు అడగనిదే చెప్పరు.

మొన్న నల్లా దగ్గర ఆ పెద్దమ్మ మళ్లీ కనబడింది. ఈసారి నేనే ఆపి, "పెద్దమ్మా, ఒక కన్ను మూసుకో" అన్నాను.